పట్టాలు మార్చే వేళ: బరంపురం నుంచి చిలికా ఒడ్డు దాకా

మొదటి రోజు: బరంపురం – ఇచ్ఛాపురం

పలాస నుంచి ఉత్తరంగా ఇచ్ఛాపురం, బరంపురం, ఛత్రపురం, రంభల మీదుగా చిలికా ఒడ్డు వెంట సాగే రైలుమార్గం మీద నేను ప్రయాణం చేయని నెల నా జీవితంలో దాదాపు లేదు. మా నాన్నగారు ఇచ్ఛాపురం వైపు కీమాన్‌గా, అంటే రోజూ పట్టాల వెంట నడిచి వాటి బిగింపులు సరిచూసే మనిషిగా, పనిచేసి రిటైరయ్యారు. నేను బరంపురంలో ముప్ఫై ఏళ్లు లెక్కల మాస్టారుగా ఉన్నాను. ఈ చలికాలంలో ప్యాసింజరు బండ్లు అరగంటో ముప్పావుగంటో ఆలస్యం కావడం, ఎవరిని అడిగినా ‘పట్టాలు మారుస్తున్నారు’ అన్న ఒక్క మాటే జవాబుగా రావడం చూశాక, ఆ మాట వెనక ఎంత పని ఉందో, ఆ పనికీ టైంటేబుల్లోని నిమిషాలకూ లంకె ఏమిటో స్వయంగా చూసి రావాలనిపించింది. ఫిబ్రవరిలో అయిదు రోజులు పెట్టుకుని బయల్దేరాను.

పొద్దుటి ప్యాసింజరులో కిటికీ పక్క చోటు దొరికింది. చిన్నప్పుడు ఇదే దారిలో నాన్నగారు నాకొక లెక్క నేర్పారు. అప్పట్లో ఒక్కో పట్టా పొడవు 13 మీటర్లు. రెండు పట్టాలు కలిసే అతుకు మీద చక్రం పడ్డప్పుడల్లా ‘టక్’మని చప్పుడయ్యేది. గడియారం చూసుకుంటూ 47 సెకన్లలో ఎన్నిసార్లు ఆ చప్పుడు వినిపిస్తే బండి గంటకు సుమారుగా అన్ని కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. లెక్కల మీద నాకు ఇష్టం పుట్టింది అక్కడే. ఇప్పుడా చప్పుడు లేదు. పట్టాలను ఒకదానికొకటి వెల్డింగ్ చేసి కిలోమీటర్ల పొడవున ఒకటే పట్టాగా చేయడంతో బండి నున్నగా జారిపోతుంది.

గొళంత్రా దాటాక బండి వేగం తగ్గింది. పట్టాల పక్కన, ముందు వేగం తగ్గించాలని హెచ్చరించే పసుపుపచ్చని కాషన్ బోర్డు, ఇంకొంచెం ముందుకు పోతే ‘20’ అని రాసిన మరో బోర్డు కనిపించాయి. కొత్తగా పట్టాలు వేసిన చోట కంకర ఇంకా కుదురుకోదు కాబట్టి మొదట గంటకు 20 కిలోమీటర్లకు మించి పోనివ్వరు. ఆ తరవాత టాంపింగ్ మిషన్ కంకరను కుదించిన కొద్దీ, బండ్లు నడిచిన కొద్దీ మెట్లు మెట్లుగా వేగం పెంచుతారు. ఏ కిలోమీటరు దగ్గర ఎంత వేగం అన్నది కాగితం మీద రాసి, కాషన్ ఆర్డర్ పేరుతో లోకో పైలట్‌కూ, ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్న గార్డుకూ ముందే అందజేస్తారు.

ఇందులో ఎన్ని నిమిషాలు పోతాయో అక్కడే కూర్చుని లెక్కవేశాను. కాషన్ ఉన్నది ఒక కిలోమీటరే అనుకుందాం. ఆఖరి పెట్టె కూడా ఆ కిలోమీటరు దాటితేగానీ వేగం పెంచకూడదు కాబట్టి, 600 మీటర్ల పొడవున్న ఎక్స్‌ప్రెస్ బండి నిజానికి 1.6 కిలోమీటర్లు 20 వేగంతోనే పోవాలి. అందుకు 4 నిమిషాల 48 సెకన్లు పడుతుంది. గంటకు 100 వేగంతో పోతే అదే దూరానికి నిమిషం కూడా పట్టదు. వేగం తగ్గించుకోవడానికీ, మళ్లీ పుంజుకోవడానికీ పట్టే సమయం కలిపితే ఒక్క కాషన్ దగ్గర అయిదారు నిమిషాలు పోయినట్టే. అలాంటివి మూడు ఉంటే ఎక్స్‌ప్రెస్ పావుగంట వెనకబడుతుంది. దానికి దారి ఇవ్వడానికి మా ప్యాసింజరును ఏదో చిన్న స్టేషన్లో, అసలు లైను పక్కనుండే లూప్ లైనులో నిలబెడతారు. ఎక్స్‌ప్రెస్ పోగొట్టుకున్న పావుగంట ప్యాసింజరు దగ్గరికి వచ్చేసరికి ముప్పావుగంట అవుతుంది. మా ఆలస్యం మా బండి పట్టాల మీద పుట్టినది మాత్రమే కాదని ఆ రోజు నాకు అర్థమైంది.

ఇచ్ఛాపురంలో దిగేసరికి ఎండ ఎక్కింది. బెజవాడ నుంచి కటకం దాకా ఈ దారిని 1893, 1896 సంవత్సరాల మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో వేశారు. 1902లో ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. అప్పుడు గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. పట్టాలు మాత్రం రెంటినీ కలుపుతూ అలాగే ఉన్నాయి, వాటి మీద పనిచేసేవాళ్లలో తెలుగు మాట అలాగే ఉంది. ఈ లైను పనులు జరుగుతున్న రోజుల్లోనే, 1894 ఆగస్టు 10న, బరంపురంలో ఒక తెలుగు ఇంట వి.వి.గిరి గారు పుట్టారు. తరవాతి కాలంలో రాష్ట్రపతి అయిన ఆయన, అంతకు చాలా ముందు ఇదే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకుడై, 1928 ప్రాంతంలో ఉద్యోగాలు పోయిన కార్మికుల కోసం సమ్మె నడిపారు. మా ఇంట్లో నాన్నగారు ఆయన పటాన్ని దేవుడి పటాల పక్కనే పెట్టుకున్నారు.

రెండో రోజు: సుర్లా రోడ్ దగ్గర

సెక్షన్ ఇంజనీరు గారి అనుమతితో, తెల్లవారుజామున ఒక కీమాన్ వెంట నడిచాను. అనుమతి లేకుండా పట్టాల మీద నడవడం నేరమే కాక ప్రాణాలకు ముప్పు కూడా. ఆయన సోంపేట వైపు మనిషి. భుజాన సుత్తి, స్పానరు, చేతిలో ఎర్రజెండా, పచ్చజెండా, సంచీలో పట్టా మీద పెడితే చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరించే డిటొనేటర్లు, జేబులో ఆయన ఎక్కడున్నదీ ఆఫీసుకు తెలిపే జీపీఎస్ పరికరం. మా నాన్నగారి దగ్గర ఆ ఆఖరిది తప్ప మిగతావన్నీ ఉండేవి.

‘మాస్టారూ, మీ నాన్న నడిసిన బీటే ఇది. సూసి నడండి, కంకర జారతాది’ అని ఆయన ముందు నడిచారు. వెళ్లేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా చూసుకుంటూ, పట్టాను కింది స్లీపరు దిమ్మెకు బిగించే క్లిప్పు వదులుగా కనిపిస్తే సుత్తితో ఒక దెబ్బ వేసి ముందుకు సాగుతున్నారు. సుత్తి తగిలినప్పుడు వచ్చే చప్పుడును బట్టే క్లిప్పు బిగువుగా ఉందో లేదో చెప్పగలరు.

ఒకచోట ఆగి, వచ్చే బండ్ల వేళ చూసుకుని, ఒక క్లిప్పు ఊడదీసి దానికీ పట్టాకూ మధ్య ఉండే లైనరు అనే పలచని బిళ్లను పైకి తీశారు. నేను వంగి చూశాను. పైనుంచి చూస్తే వెండిలా మెరుస్తున్న పట్టాకు, అడుగున లైనరు కూర్చునే చోట తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. మడతకాజాను విరిచినట్టు గోరుతో గీకితే ఎర్రని పొరలు ఊడి వచ్చాయి. పొరలన్నీ రాలిపోయాక అక్కడ పట్టా పాదం (వెడల్పాటి అడుగుభాగం) అంచు సన్నబడి, బొటనవేలు పట్టేంత గుంట పడి ఉంది. అదే పట్టాకు అడుగు దూరంలో, లైనరు లేనిచోట, పాదం నిండుగానే ఉంది. ‘సముద్రం గాలి బావూ, రేత్రంతా ఉప్పు మంచు పడతాది. లైనరు కింద దిగిన తడి ఆరదు’ అన్నారాయన. సముద్రం ఇక్కడికి కనిపించదు గానీ, ఆ గాలి రాని రోజు లేదు.

ఉప్పుగాలికి తోడు ఇంకొకటి కూడా ఉండేది. పెట్టెల్లోని మరుగుదొడ్ల నుంచి మలమూత్రాలు నేరుగా పట్టాల మీద పడి, ముఖ్యంగా లోపలివైపు అంచును తినేసేవి. 2019 నాటికి ప్రయాణికుల పెట్టెలన్నింటికీ బయో టాయిలెట్లు అమర్చడంతో ఆ బాధ తగ్గింది. అయితే అంతకు ముందు వేసిన పట్టాలు ఆ దెబ్బ తిన్నవే. ఇప్పుడు మార్చుతున్న వాటిలో చాలావరకు అలాంటివే అయి ఉండాలని నాకు తోచింది.

పట్టా ఎప్పుడు మార్చాలన్నదానికి రైల్వేలో ఒక లెక్క ఉంది. మీటరుకు 52 కిలోల బరువుండే పట్టా 52.5 కోట్ల టన్నుల రాకపోకలు, 60 కిలోల పట్టా 80 కోట్ల టన్నుల రాకపోకలు మోశాక దాని ఆయుష్షు తీరినట్టు లెక్క. కోస్తాలో ఆ లెక్క నిండకముందే తుప్పు దాన్ని ముగిస్తుంది. అందుకే లైనరు చోట్లలో గ్రీజు పూయడం, పట్టా పాదానికి నల్ల తారు రంగు వేయడం, లోపలి పగుళ్లను శబ్ద తరంగాలు పంపే యంత్రంతో వెతకడం లాంటివి ఏటేటా జరుగుతూ ఉంటాయి. ఈ గ్రీజు పనిని చూసేవాళ్లు చిన్న పని అనుకుంటారు. నా దృష్టిలో ఈ మార్గం మీద జరిగే పనులన్నింటిలోనూ ప్రాణాలను కాపాడేది అదే, దానికి చాలినంత మంది మనుషులు ఉండి తీరాలి.

మూడో రోజు: బ్లాకులో రెండు గంటల ముప్పావు

పట్టాలు, స్లీపర్లు కలిపి మొత్తంగా మార్చే పని చూడటానికి ఈ రోజు కేటాయించాను. ఏ రెండు స్టేషన్ల మధ్యన అన్నది ఇక్కడ అవసరం లేదు. కంచె ఇవతల, గేటు పక్కన నిలబడి చూశాను.

పదిన్నరకు రావలసిన బ్లాకు, ముందున్న గూడ్స్ ఒకటి కదలకపోవడం వల్ల పదకొండు దాటాక దొరికింది. అప్పటికి దాదాపు వందమంది, పారలు, గునపాలు పట్టుకుని, గట్టు మీద వరసగా కూర్చుని ఎదురుచూస్తున్నారు. బ్లాకు అంటే ఆ లైను మీద బండ్లు ఆపేసి దాన్ని ఇంజనీరింగు వాళ్లకు అప్పగించడం. పైనున్న 25 వేల వోల్టుల తీగలో కరెంటు తీసేసి, తీగను భూమికి కలిపాకే పని మొదలవుతుంది. పక్క లైను మీద బండ్లు మామూలుగానే తిరుగుతాయి కాబట్టి, రెండు వైపులా ఈల పట్టుకుని మనుషులు నిలబడ్డారు. ఈల వినిపిస్తే అందరూ ఒకే వైపుకు తప్పుకోవాలి.

ముందు రోజే పట్టాలకు ఇరువైపులా తాత్కాలికంగా ఇంకో జత పట్టాలు పరిచి ఉంచారు. వాటి మీద నడిచే గ్యాంట్రీ క్రేన్లు రెండు వచ్చి, పాత పట్టాలను స్లీపర్లతో సహా 13 మీటర్ల ముక్కగా ఎత్తి వాగన్ మీద పెట్టాయి. ఖాళీ అయిన చోట మనుషులు దిగి కంకరను చదును చేశారు. డిపోలో ముందే బిగించి తెచ్చిన కొత్త ముక్కను క్రేను తెచ్చి అక్కడ దించింది. ఒక్కో ముక్కలో 22 కాంక్రీటు స్లీపర్లు, ఒక్కో స్లీపరు 285 కిలోల పైచిలుకు, పట్టాలతో కలిపి ముక్క బరువు దాదాపు 8 టన్నులు. అంత బరువు గాలిలో వేలాడుతూ దిగుతుంటే, దాని చివర గునపం ఆనించి వేలెడు ఇటు, వేలెడు అటు జరిపి, ముందు ముక్కకు సూటిగా కలిపినవాడు పాతికేళ్లు కూడా లేని కుర్రవాడు. అతని కళ్లు ఒక్కసారి కూడా ఆ అంచు మీద నుంచి మరలలేదు.

నేను లెక్కపెట్టాను, ఆ రోజు 11 ముక్కలు పడ్డాయి. అంటే 143 మీటర్లు. బ్లాకు వేళకు దొరికి ఉంటే ఇంకో రెండో మూడో పడేవని అక్కడి మిస్త్రీ చెప్పారు. ఆలస్యంగా మొదలుపెట్టినా, ఇచ్చిన గడువు దాటితే దాన్ని వాళ్లు ‘బ్లాక్ బర్స్ట్’ అంటారు, అది వాళ్లకు తలవంపు. అందువల్ల పని కుదించుకుని అయినా సరే వేళకు లైను అప్పగించేస్తారు. బండి ఆలస్యమైతే పనికి దొరికే సమయం తగ్గుతుంది, పని తగ్గితే 20 బోర్డు మరికొన్ని రోజులు ఉంటుంది, ఆ బోర్డు ఉన్నన్ని రోజులూ బండ్లు ఆలస్యమవుతాయి. నేను అయిదు రోజులు తిరిగి తెలుసుకున్న అసలు విషయం ఇదే. పట్టాలకు ఇవ్వవలసిన మూడు గంటలను ఎవరూ మిగిల్చుకోలేరు. ఇవ్వకపోతే ఆ మూడు గంటలే నిమిషాల లెక్కన విడివిడిగా అందరి దగ్గరా వసూలవుతాయి.

సాయంత్రం అదే వరసలో, కొంత ముందు వేసిన చోట, పట్టాలను వెల్డింగ్ చేయడం చూశాను. రెండు పట్టాల మధ్య 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి, చుట్టూ అచ్చు బిగించి, సందుల్లో తడి ఇసుక మెత్తి, మంటతో పట్టా చివరలను ఎర్రబడేదాకా కాచారు. ఇనుప ఆక్సైడ్, అల్యూమినియం పొడి కలిపిన మందును పైన మూసలో వెలిగించగానే తెల్లని వెలుగు లేచింది, కాసేపటికి కరిగిన ఉక్కు ధారగా అచ్చులోకి దిగింది. చల్లారాక అచ్చు పగలగొట్టి, పైకి తేలిన మిగులును చెక్కి, నున్నగా అరగదీశారు. ఆ పని చేసిన పెద్దాయన చివర అరచేత్తో అతుకు మీద నిమిరి చూసుకున్నారు.

పొడవాటి పట్టా ఎండకు సాగదా అని అడిగాను. సాగాలనే చూస్తుంది. 40 డిగ్రీల తేడాకు విడిగా ఉన్న కిలోమీటరు పట్టా 46 సెంటీమీటర్లు పెరగాలి. కానీ క్లిప్పులు, స్లీపర్లు, వాటిని పట్టి ఉంచిన కంకర దాన్ని కదలనివ్వవు. కదలలేని ఆ సాగు పట్టాలోనే ఒత్తిడిగా నిలుస్తుంది, 60 కిలోల పట్టాలో డిగ్రీకి దాదాపు 1.9 టన్నుల లెక్కన. స్లీపర్ల పక్కన కంకర భుజం తగ్గితే ఒకనాటి మధ్యాహ్నం ఆ ఒత్తిడి పట్టాను పక్కకు వంచేస్తుంది. వేసవిలో మధ్యాహ్నాలు మనుషులు పట్టాల వెంట పహరా తిరగడం అందుకే.

నాలుగో రోజు: గంజాం, రంభ, ఖల్లికోట

ఈ రోజు పని చూడలేదు, దారి చూశాను. ఛత్రపురం దాటాక ఋషికుల్య వంతెన, ఆపైన గంజాం, హుమ్మ దగ్గర ఉప్పుమడులు, రంభ నుంచి కుడివైపు చిలికా నీళ్లు. ఒకవైపు కొండలు, ఒకవైపు సరస్సు, నడుమ సన్నని నేల మీదే రోడ్డూ రైలూ రెండూ పోవాలి. పట్టాలు పక్కకు జరుపుకుందామన్నా చోటు లేని చోటు ఇది.

2012 డిసెంబరు చివర ఒక రాత్రి ఈ రంభ ప్రాంతంలోనే పట్టాలు దాటుతున్న ఏనుగులు ఎక్స్‌ప్రెస్ కింద పడి చనిపోయాయి. ఏనుగులు తిరిగే చోట బండ్ల వేగం తగ్గించడమూ టైంటేబుల్లో నిమిషాలే. ఆ నిమిషాలు ఇవ్వడానికి నాకు ఏ మాత్రం కష్టం లేదు. తుపానులు సరేసరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. ఆ రాత్రుల్లో బండ్లు ఆపేసినా, తెల్లవారగానే మొదటి బండికి ముందు పట్టాల మీద నడిచి చూసినవాళ్లు మాత్రం ఈ కీమాన్లూ గ్యాంగువాళ్లే.

అయిదో రోజు: బరంపురం

తిరుగు ప్రయాణంలో ఒక చిన్న స్టేషన్లో మూడు గంటలు కూర్చున్నాను. నేను ఎక్కవలసిన ప్యాసింజరును ఆ రోజుకు బ్లాకు కోసం రద్దు చేశారని అక్కడికి వెళ్లాకే తెలిసింది. బోర్డు మీద ఏమీ రాయలేదు, మైకులో ఏమీ చెప్పలేదు. బ్లాకు ముందే అనుకున్నదే కాబట్టి ముందురోజే ఒక కాగితం అంటించి ఉండవచ్చు. నాతోపాటు పన్నెండుమంది ఉన్నారు. వాళ్లలో ఎండు చేపల గంపతో ఒకావిడ, బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి మనవణ్ణి తీసుకుపోతున్న మరొకావిడ ఉన్నారు. ఓపీ వేళ దాటిపోతుందని ఆవిడ చివరికి ఆటోకు డబ్బు పెట్టి వెళ్లింది. రద్దు చేయడాన్ని నేను తప్పు పట్టను, పని కళ్లారా చూశాను. చెప్పకపోవడాన్ని మాత్రం తప్పే అంటాను.

సాయంత్రం, బండ్ల నడకను అదుపు చేసే కంట్రోలులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన పాత చార్టు ఒకటి పరిచారు. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు, ఒక్కో బండి ఒక్కో ఏటవాలు గీత. ఏటవాలు ఎంత నిటారుగా ఉంటే బండి అంత వేగం. గీతల మధ్య తెల్లగా మిగిలిన చోటే బ్లాకుకు దొరికే చోటు. ‘ఆ తెలుపు కనబడగానే ఇంకో బండి గీయమంటారు మాస్టారూ. గీసేస్తే పట్టాలకు ఏం మిగులుతుంది?’ అన్నారు. పట్టాల పనికి పోయే నిమిషాలకు పరిహారంగా బండి నడక వేళలోనే కొన్ని నిమిషాలు ముందే కలుపుతారు, దాన్ని ఇంజనీరింగ్ అలవెన్స్ అంటారు. దాన్ని సాధారణంగా ఒక డివిజన్ హద్దుకో గమ్యానికో ముందు కలుపుతారు. ఖుర్దా రోడ్ డివిజనూ, 2025లో విశాఖపట్నం డివిజన్‌గా మార్చాలని నిర్ణయించిన వాల్తేరు డివిజనూ చాలాకాలంగా కలిసేది పలాస దగ్గరే. అందువల్ల పలాస ముందు కొద్ది దూరానికే టైంటేబుల్లో ఎక్కువ నిమిషాలు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. చివరికి బండి వేళకు చేరినట్టే లెక్క, మధ్యలో సుర్లా రోడ్‌లోనో జాడుపూడిలోనో ఎదురుచూసినవాళ్ల అరగంట ఏ లెక్కలోకీ రాదు.

ఆ నిమిషాల్లో కొన్నిటిని కాషన్లు ఉన్న చోటికే తెచ్చి పెడితే, పని సాగే నెలల్లో చిన్న స్టేషన్లకు నిజమైన వేళలు రాసి ఇస్తే బాగుంటుందని అన్నాను. ఆయన కాదనలేదు. పనులను వారాల ముందే వరసగా నిర్ణయించే రోలింగ్ బ్లాక్ పద్ధతికి 2023 నవంబరులో నిబంధన వచ్చిందనీ, దాన్ని నిక్కచ్చిగా పాటిస్తే ఏ రోజున ఏ బండి ఉండదో నెల ముందే స్టేషన్లో రాయవచ్చనీ చెప్పారు. ఖుర్దా రోడ్ నుంచి విజయనగరం దాకా మూడో లైనుకు 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదం తెలిపింది. అది పూర్తయితే చార్టులో తెలుపు పెరుగుతుంది. ఆ తెలుపును మళ్లీ బండ్లతోనే నింపేయకూడదని ఆయన గట్టిగా అన్నారు, నేనూ అదే అంటాను.

పన్నెండు రోజుల తరవాత

పని ఏమైందో చూద్దామని, ఈసారి బరంపురం వైపు వచ్చే పొద్దుటి ప్యాసింజరు ఎక్కాను. 20 బోర్డు ఉన్నచోట ఇప్పుడు 75 ఉంది. చేతి గడియారం పట్టుకుని, అప్పుడు నాలుగు నిమిషాలకు దగ్గరగా పట్టిన ఆ దూరం ఇప్పుడు నిమిషం పైన కొద్ది సెకన్లలో దాటామని పుస్తకంలో రాసుకున్నాను. గట్టు పక్కన పాత పట్టాలు ఎర్రగా తుప్పుపట్టి వరసగా పడి ఉన్నాయి. ఇంకాస్త ముందు, సుత్తి భుజాన వేసుకుని పక్కకు జరిగి నిలబడ్డ కీమాన్ బండికి పచ్చజెండా చూపిస్తున్నారు, కిటికీలో నన్ను గుర్తుపట్టారో లేదో తెలియదు.

ఎదురు బల్ల మీద చేపల గంప ఆవిడ ఉంది.

‘మాస్టారూ, ఈయేళ ఏళకే ఎల్తాదా బండి?’ అని అడిగింది.

‘తొమ్మిదికల్లా బరంపురంలో ఉంటాం అప్పా’ అన్నాను. తొమ్మిదికి మూడు నిమిషాల ముందే చేరాం.